సీలు తెంచిన హజరత్తయ్య

హజరత్తయ్య చెడ్డవాడు కాదు. ఈ ముక్క ముందే చెప్పుకోవడం మేలు, ఎందుకంటే అతను చేసిన పని విన్నాక చెబితే ఎవరూ నమ్మరు. తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి సొమ్ముకు ఆశపడింది లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. నలుగురూ తనవైపు చూస్తుంటే అతనికి ఒళ్ళు తెలిసేది కాదు.

నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికి అయిదారు మైళ్ళ ఇవతల వాళ్ళ ఊరు. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే దర్గాకు మొక్కుకుని కన్నారట, అందుకని ఆ పేరు. ఆ పక్క ప్రతి నాలుగిళ్ళకూ ఒక హజరత్తయ్యో మస్తానయ్యో ఉంటాడు కాబట్టి అందులో వింత ఏమీ లేదు. ఇరవయ్యో ఏట నెల్లూరు పోయి, లారీ షెడ్డులో గ్రీజు పూసుకుంటూ డ్రైవింగు నేర్చుకున్నాడు. 1961లో వెంకటశేషమ్మగారు ట్రాక్టరు కొంటున్నారని తెలిసి ఉన్నపళంగా ఊరికి తిరిగొచ్చాడు.

శేషమ్మగారికి నలభై ఎకరాల మాగాణి. భర్త పోయి ఏడేళ్ళు. ఆడమనిషి సేద్యం ఎన్నాళ్ళు చేస్తుందిలే, రేపో మాపో కౌలుకిచ్చి నెల్లూరులో కాపురం పెడుతుంది అని ఊళ్ళో మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని తీర్మానం చేసేశారు. ఆవిడ ఆ తీర్మానాన్ని ఖాతరు చెయ్యకుండా ముప్పై అయిదు గుర్రాల బలమున్న డీజిలు ట్రాక్టరు తెప్పించి, ఎద్దుల కొట్టం ముందు నిలబెట్టింది. తోలడానికి హజరత్తయ్యను పెట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా తమ పొలం ఎద్దులతో దున్నిన ఓబయ్యను బండికి నీళ్ళూ నూనే చూసే పనిలో పెట్టింది.

ఓబయ్యకు అప్పటికే యాభై దగ్గర పడ్డాయి. ఇంజను గురించి అతనికి ఏమీ తెలియదు. నోరులేని గొడ్డుకు పొద్దున్నే నీళ్ళు పెట్టకపోతే పాపం అన్నది మాత్రం తెలుసు. రోజూ తెల్లవారగానే కడవతో తెచ్చి రేడియేటరు నింపేవాడు. నూనె పుల్ల పైకి తీసి తుడిచి, మళ్ళీ ముంచి చూసేవాడు. "తాగింది అబ్బయా, ఇంక తోలుకో" అనేవాడు. రెండేళ్ళలో ఆ మాట వినకుండా హజరత్తయ్య బండి ఎక్కిన రోజు లేదు.

ఇంజను పక్కన డీజిలు పంపు ఉంటుంది. పంపులో ఒక చిన్న మర. ఆ మర ఎంత తిరిగితే ఇంజనులోకి అంత డీజిలు పోతుంది. కంపెనీవాళ్ళు దాన్ని ఒకచోట ఆపి, సన్నటి తీగ చుట్టి, కొసలకు సీసపు బిళ్ళ నొక్కి ముద్ర వేసి పంపారు. బండి అప్పజెప్పడానికి నెల్లూరు నుంచి వచ్చిన కామాక్షయ్య మేస్త్రీ ఆ సీలు మీద వేలు పెట్టి మరీ చెప్పాడు.

"అబ్బయా, ఈ బండిలో ఇంకేదైనా విప్పు. దీన్ని మాత్రం ముట్టుకోబాక."

హజరత్తయ్య బుద్ధిగా తలూపాడు. రెండేళ్ళు బుద్ధిగానే ఉన్నాడు కూడా.

1963 కార్తీకంలో వానలు విరగబడి కురిశాయి. మొలకొలుకుల వరి నారు ముదిరిపోతోంది. నాట్లకు ముందు మడిని బురద చేసే దమ్ము త్వరగా తెమలాలి. బండికి ఇనప చక్రాలు బిగించి, మోకాటి లోతు బురదలో పొద్దున్నుంచి సందె దాకా తిప్పుతున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కపొలం చెంచురామయ్యగారు యాభై గుర్రాల కొత్త ట్రాక్టరు దించాడు. రెండు బండ్లూ పక్కపక్క మళ్ళలో తిరుగుతుంటే గట్లమీద జనం చేరారు. పెద్ద బండి రెండు మళ్ళు ముగించేసరికి ఈ బండి ఒకటి చేస్తోంది. యాభై ముందు ముప్పై అయిదు వెనకబడటం న్యాయమే కదా! గట్టుమీద కూర్చున్నవాళ్ళకు న్యాయంతో పనేముంది?

చెంచురామయ్యగారు తువ్వాలు దులుపుకుంటూ అడిగాడు. "ఏం హజరత్తా, మీ అమ్మగారి బండికి బాలింత పథ్యం పెట్టినారా ఏంది? అడుగు పడటమే లేదే!"

జనం పడీపడీ నవ్వారు. ఆ సాయంత్రం హజరత్తయ్యకు అన్నం సయించలేదు.

లారీ షెడ్డులో ఉండగా చూసిన విషయం అతనికి గుర్తొచ్చింది. బరువు లోడుతో కొండదారి ఘాటు ఎక్కాలంటే కొందరు డ్రైవర్లు గుట్టుగా ఆ మర తిప్పేవాళ్ళు. బండి ఏనుగులా ఎక్కేది. మర్నాడు మధ్యాహ్నం ఓబయ్య అన్నానికి పోయినప్పుడు, హజరత్తయ్య కటింగు ప్లేరుతో తీగ తెంచి, మరను ఒకటిన్నర చుట్టు తిప్పాడు. సీలు లేకపోతే కామాక్షయ్య మేస్త్రీ ఎప్పుడైనా వచ్చి పట్టుకుంటాడని భయం. దానికీ ఉపాయం దొరికింది. సముద్రం ఒడ్డున చేపలవాళ్ళు వల అంచుకు సీసం గుండ్లు కడతారు. ఒక గుండు అడిగి తెచ్చి, కొత్త తీగ కొసల మీద పెట్టి సుత్తితో చదును చేసి, ముద్రలాగా కనబడాలని తాళంచెవి తలతో నొక్కాడు. దూరం నుంచి చూస్తే అసలు సీలే. తన తెలివికి తానే మురిసిపోయాడు, వెర్రివాడు.

బండి మారిపోయింది. గొట్టంలోంచి నల్లటి పొగ లేస్తుంటే, ఇనప చక్రాలు బురదను గిరగిరా చిమ్ముతుంటే, గట్టుమీదవాళ్ళు లేచి నిలబడ్డారు. పెద్ద బండికి దాదాపు సమానంగా తిరిగింది. తొమ్మిది రోజులు హజరత్తయ్య ఊరికి మొనగాడు. శేషమ్మగారు స్వయంగా గట్టుదాకా వచ్చి, "మన బండి ఇంత లాగతాదని నాకు తెలీదు హజరత్తయ్యా" అని మురిసిపోయింది. అతను చేతుల మట్టి తుడుచుకుంటూ, అంతా తన చేతి మహిమ అన్నట్టు నవ్వాడు.

ఒక్క ఓబయ్యే నవ్వలేదు. "అబ్బయా, పొగ ఇట్టా నల్లంగా వచ్చేది కాదే! పొద్దున పోసిన నీళ్ళు మధ్యాన్నానికి కుతకుతా కాగతా ఉండాయి. దీనికి కడుపులో బాగలేదు" అన్నాడు.

"పని ఎక్కువైనాదిలే ఓబన్నా. కష్టపడితే ఎద్దుకు చెమట పట్టదా?"

ఎద్దు పేరెత్తేసరికి ఓబయ్య నమ్మాడు. అతన్ని ఎలా నమ్మించాలో హజరత్తయ్యకు బాగా తెలుసు.

పదో రోజు పొద్దున ఓబయ్య ఎప్పటిలాగే నీళ్ళు పోశాడు. హజరత్తయ్య పక్కనే నిలబడి చూశాడు. రేడియేటరు నిండి, నీళ్ళు పైకి పొంగి, ఓబయ్య పాదాల మీద పడ్డాయి. "తాగింది అబ్బయా" అన్నాడు ఓబయ్య. బండి పొలంలోకి దిగింది. పన్నెండు గంటల వేళ లోపలి నుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలై, హజరత్తయ్య ఏం చెయ్యాలో ఆలోచించేలోగా ఒక్క అరుపు అరిచి ఇంజను నిలబడిపోయింది. ఆవిరి బుస్సున లేచింది. జనం బురదలో దిగి పరిగెత్తుకొచ్చారు. ఆవిరి చల్లారాక ఎవరో మూత తీసి చూశారు. రేడియేటరులో అడుగున కూడా చుక్క లేదు.

"నీళ్ళే లేవే! పొద్దున నీళ్ళు పోయలేదా?"

తలకాయలన్నీ ఓబయ్య వైపు తిరిగాయి. ఈలోగా శేషమ్మగారికి కబురు అంది, ఆవిడ గట్టు మీదికి వచ్చింది.

"ఓబయ్యా, నీళ్ళు పోసినావా?"

"పోసినానమ్మా." మళ్ళీ ఒక్క క్షణం ఆగి, "పోసినట్టే గుర్తమ్మా" అన్నాడు. రోజూ చేసే పనిలో ఏ రోజు చేశామో ఏ రోజు చెయ్యలేదో తేల్చి చెప్పడం ఎవరికైనా కష్టమే. అతను హజరత్తయ్య వైపు తిరిగాడు. "అబ్బయా, నువ్వు చూసినావు గదా? నువ్వు చెప్పు."

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట. చూశాను, పోశాడు. ఆ మాట అంటే, మరి నీళ్ళెందుకు ఆవిరైపోయాయి అని అడుగుతారు. పంపు చూస్తారు. గట్టుమీద చెంచురామయ్యగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తొమ్మిది రోజులు చప్పట్లు కొట్టినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. హజరత్తయ్య చూపు ఇంజను మీదికి తిప్పుకున్నాడు.

"నేను... సరిగ్గా చూడలేదు ఓబన్నా."

ఓబయ్య కాసేపు అతని ముఖంలోకే చూశాడు. అనుమానంతో కాదు, ఆశతో. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "అయితే మరిచినానేమోనమ్మా" అన్నాడు.

మూడోరోజు కామాక్షయ్య మేస్త్రీ బస్సులో దిగాడు. కొట్టంలో ఇంజను విప్పి, ఒక్కొక్క ముక్కా గోనెపట్టా మీద పరిచాడు. పిస్టన్ల తలలు ఎలుకలు కొరికినట్టు తినేసి ఉన్నాయి. రింగులు మసి పట్టి గాడుల్లో కరుచుకుపోయాయి. పిస్టను కిందికీ పైకీ ఆడే ఇనప గొట్టాల గోడలు నిలువునా చీరుకుపోయి ఉన్నాయి. అన్నీ చూశాక మేస్త్రీ పంపు దగ్గరికి పోయి, సీసపు బిళ్ళను గోటితో గీకి, తీగతో సహా తెంచి అరచేతిలో పెట్టుకున్నాడు. కొట్టంలో ఆయనా హజరత్తయ్యా ఇద్దరే ఉన్నారు.

"ఇది వల గుండు గదా అబ్బయా."

మేస్త్రీ కేకలేస్తాడనుకున్నాడు హజరత్తయ్య. ఆయన వెయ్యలేదు. పీటమీద కూర్చుని, కాలిన పిస్టను చేతిలోకి తీసుకుని, క్లాసులో చెప్పినట్టు చెప్పాడు.

"ముప్పై అయిదు గుర్రాలని ఎందుకు రాసినారో తెలుసునా? ఈ ఇంజను నలభై అయిదు కూడా లాగతాది. చేసినోడికి తెలుసు. తెలిసే ముప్పై అయిదు కాడ ఆపినాడు. మిగిలిన పదీ దీని ఆయుష్షు. లారీ గంటసేపు ఘాటు ఎక్కతాది, మళ్ళీ దిగతాది, దిగేటప్పుడు చల్లారతాది. దమ్ములో దీనికి దిగుడు యాడుండాది? పొద్దున్నుంచి సందె దాకా ఎక్కుడే. అందుకే లారీ కంటే నిదానంగా తిరిగి, బలంగా లాగేటట్టు చేసినారు. గొట్టాలు మందంగా పోసి, చుట్టూతా నీళ్ళు తిరిగేటట్టు పెట్టినారు. ఈ పిస్టను తల మీద పుట్టిన వేడి రింగుల మీదుగా గోడకు పోవాల, గోడ నించి నీళ్ళకు పోవాల. ఎంత వేడి పోగలదో అంత మంటే పెట్టి సీలేసినారు. నువ్వు అంతకు మించి మంట పెడితివి. నీళ్ళు పాపం ఏం చేస్తాయి? కాగి కాగి ఎగిరిపోయినాయి."

బిళ్ళను హజరత్తయ్య చేతిలో పెట్టాడు. "బయట ఆ పెద్దాయన తల వంచుకుని కూర్చుండాడు. అమ్మగారికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను మేస్త్రీ. ఒట్టు."

కామాక్షయ్య నమ్మి బస్సెక్కాడు.

హజరత్తయ్య నిజంగానే చెబుదామని వసారా దాకా పోయాడు. అతని గ్రహచారం, శేషమ్మగారే ముందు నోరు తెరిచింది. "నువ్వేం దిగులు పెట్టుకోబాక హజరత్తయ్యా. ఊరంతా నవ్వినా నిన్ను నమ్మి అప్పజెప్పినాను ఈ బండి. నీ తప్పు లేదని నాకు తెలుసు." ఆ మాటతో అతని నోరు కుట్టేసినట్టయింది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. రేపు ఎల్లుండి అయింది. పోతూ పోతూ సీసపు బిళ్ళను కాలవలో విసిరేశాడు.

ఆ ఏడు పదహారెకరాలు బీడు పడ్డాయి. ఓబయ్యను ఎవరూ పొమ్మనలేదు. ఒకరోజు పొద్దున తనే వచ్చి, కడవను వసారాలో బోర్లించి, "ఇంక నా చేత కాదమ్మా, నా బుర్ర చెడింది" అన్నాడు. భార్య పెంచలమ్మను తీసుకుని సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళలో కూలికి పోయాడు.

గొట్టాలు, పిస్టన్లు మద్రాసు నుంచి రావడానికి అయిదు నెలలు పట్టింది. అరిగితే మార్చుకునేలా చేసిన గొట్టాలు కాబట్టి ఇంజను బతికింది. మేస్త్రీ తమ్ముడు వచ్చి బిగించి, కొత్త సీలు వేసి పోయాడు. బండి మళ్ళీ ముప్పై అయిదు గుర్రాలతో నిదానంగా, పల్చటి పొగతో తిరిగింది. మనిషికి అలాంటి విడిభాగాలు ఎవరూ చెయ్యలేదు.

ఈలోగా ఊళ్ళో కొత్త మాట పుట్టింది. ఎవరైనా ఏదైనా మరిచిపోతే "ఓబయ్య నీళ్ళు పోసినావా?" అనేవాళ్ళు. కూరలో ఉప్పు మరిచిన కోడలికి అదే, బడికి పలక మరిచిన పిల్లకు అదే. ఆ మాట విన్నప్పుడల్లా హజరత్తయ్యకు తల కొట్టేసినట్టయ్యేది. సిగ్గు కొన్నాళ్ళకు చల్లారుతుందని అతను అనుకున్నాడు. చల్లారలేదు. ఒకసారి కోట సంతలో ఓబయ్య ఎదురుపడ్డాడు. తప్పుకుందామంటే సందు లేదు. ఓబయ్యే దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పట్టుకుని, "నా మూలాన నీ బండి పాడైనాది అబ్బయా. మనసులో పెట్టుకోబాక" అన్నాడు.

హజరత్తయ్య ఏదో పనుందని గొణిగి, గుంపులో పడి పారిపోయాడు. కొనాల్సిన సరుకులేవీ కొనలేదు. ఇంటికొచ్చి, పెళ్ళాం జయశీల ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాడు. తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా చెప్పలేదు.

అలా మూడేళ్ళు గడిచాయి. 1966 నాటికి ఆ పక్కన ఆరేడు ట్రాక్టర్లు వచ్చాయి. బ్లాకు ఆఫీసువాళ్ళు కొత్త డ్రైవర్లకు నాలుగు రోజులు పని నేర్పమంటే, అనుభవం ఉన్నవాడని హజరత్తయ్యనే పిలిచారు. శేషమ్మగారి కొట్టం ముందే క్లాసు. ఆవిడ వసారాలో కుర్చీ వేసుకుని వింటోంది. అతను పంపు చూపించి, సీలు చూపించి, మేస్త్రీ చెప్పిన మాటలే తన మాటల్లా చెప్పాడు. తర్వాత రేడియేటరు మూత తీశాడు. ముప్పై ఏళ్ళ మస్తానయ్య అనే డ్రైవరు పక్కవాడిని మోచేత్తో పొడిచి, "నీళ్ళు మరవబాక అబ్బయా, ఇంకో ఓబయ్యవు అవతావు" అన్నాడు. అందరూ నవ్వారు. శేషమ్మగారు కూడా చిన్నగా నవ్వింది.

మస్తానయ్య ఓబయ్యను ఎన్నడూ చూసి ఉండడు. అతని మీద కోపగించుకోవడానికి లేదు. ఆ మాటకు పునాది వేసింది ఎవరో ఆ కొట్టం ముందు ఒక్కరికే తెలుసు.

"ఓబయ్య నీళ్ళు పోసినాడు" అన్నాడు హజరత్తయ్య.

నవ్వులు ఆగలేదు. అదీ ఒక హాస్యమే అనుకున్నారు.

"నవ్వబాకండి! పోసినాడు. నేను చూసినాను. సీలు తెంచింది నేను. మర తిప్పింది నేను. ఇంజను కాలింది నా వల్ల." మిగిలినదంతా, వల గుండుతో సహా, తల ఎత్తకుండా చెప్పేశాడు.

శేషమ్మగారు లేచి వసారా మెట్టు మీదికి వచ్చింది. ఆవిడ ముఖం చూడటానికి అతనికి ధైర్యం చాల్లేదు.

"నాకు పోయింది ఇంజనొకటి, ఒక పంట. రెండూ మళ్ళీ వచ్చినాయి" అంది ఆవిడ. "నాకెందుకు చెప్తా ఉండావు? వాడికి చెప్పినావా?"

"లేదమ్మా."

"మరి ఈడేం చేస్తా ఉండావు?"

హజరత్తయ్య చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాడు. ఉప్పుమళ్ళు చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. తెల్లటి మళ్ళ మధ్య ఓబయ్య పారతో ఉప్పు కుప్ప చేస్తున్నాడు. బాగా వంగిపోయాడు. భుజం మీది తువ్వాలు అంచుల నిండా ముళ్ళు వేసి ఉన్నాయి. పెంచలమ్మ కాస్త అవతల గంప నింపుతోంది.

"రా అబ్బయా! ఇంత ఎండలో వచ్చినావే!" అని ఓబయ్య పార కింద పెట్టాడు. హజరత్తయ్య చూపు తువ్వాలు మీద పడటం చూసి సిగ్గుగా నవ్వాడు. "ఏం చేసేది, గుర్తుండి చావదు. ఏ పని చెప్పినా ఒక ముడి ఏసుకుంటా, అయినాక విప్పుకుంటా. మొన్న ఈ ఉప్పుమళ్ళ ఆసామి ఈడ నీళ్ళు తోడే ఇంజను చూసుకోమన్నాడు. నీడపట్టున పని. వద్దన్నాను. నా చేతిలో ఇంకో ఇంజను చావటం ఎందుకు?"

హజరత్తయ్య ఉప్పు గట్టు మీద కూలబడ్డాడు.

"ఓబన్నా, ఆ పొద్దు నువ్వు నీళ్ళు పోసినావు. నేను చూసినాను. చూసి కూడా చూడలేదన్నాను. ఇంజను కాలింది నేను చేసిన ఎదవ పని వల్ల."

కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఓబయ్య అతని ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"ఏందీ?"

"పోసినావు అన్నా. నిండుగా పోసినావు."

"నేను మరవలా?"

"మరవలేదు."

ఓబయ్య లేచి నిలబడి కేకేశాడు. "మేయ్, పెంచలమ్మా! గంప ఆడ పడేసి ఇట్టా రా!"

పెంచలమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. చుట్టుపక్కల మళ్ళలోని కూలీలు కూడా ఏమైందోనని పారలు ఆపి, ఒక్కొక్కరే గట్టు మీదికి చేరారు. హజరత్తయ్య లేచి, ఓబయ్య కాళ్ళు పట్టుకోబోయాడు. ఓబయ్య అతని భుజం పట్టి నిలబెట్టాడు. క్షమించానని గానీ పొమ్మని గానీ అనలేదు. అతని ధ్యాస అసలు హజరత్తయ్య మీద లేదు.

"నేను పోసినానంట. ఈ అబ్బయ్య చూసినాడంట" అన్నాడు పెంచలమ్మతో. ఆమెకు అర్థం కాక ఇద్దరి ముఖాలూ చూసింది. ఓబయ్య హజరత్తయ్య వైపు తిరిగాడు.

"నా మాట అది నమ్మదు. నువ్వు చెప్పు అబ్బయా. అందరికీ వినబడేటట్టు, గట్టిగా చెప్పు."